క్షమకు వెలియైన పాపము: బన్యను ఆత్మకథా పరిశీలనము

జాన్ బన్యను పేరు తెలుగు పాఠకులకు క్రొత్తది కాదు. ఆయన 1678లో ప్రకటించిన ‘పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్’ ‘యాత్రికుని ప్రయాణము’గా మన భాషలోనికి వచ్చి, క్రైస్తవ కుటుంబములలో తరతరములుగా చదువబడినది. దానికి పండ్రెండేండ్లకు పూర్వము, అనగా 1666లో, బెడ్‌ఫర్డు కారాగారములో ఖైదీగా నున్నపుడే ఆయన మఱియొక గ్రంథమును వెలువరించెను. అది ఆయన ఆత్మకథ. దాని పేరు ‘గ్రేస్ అబౌండింగ్ టు ది చీఫ్ ఆఫ్ సిన్నర్స్’. పాపులలో అగ్రగణ్యుని యెడ విస్తరించిన కృప యని దానికి అర్థము చెప్పవచ్చును. పౌలు రోమీయులకు వ్రాసిన లేఖనుండి ఒక మాటయు, తిమోతికి వ్రాసిన మొదటి లేఖనుండి ఒక మాటయు కలిపి గ్రంథకర్త ఈ నామమును కూర్చుకొనెను. ఈ కూర్పు యాదృచ్ఛికము కాదనియు, గ్రంథ రచనా విధానమంతయు ఇందే సూచితమైనదనియు మున్ముందు చూపగలము.

ఈ వ్యాసమున మేము పరిశీలింపబూనిన విషయము పరిమితమైనది. దేవుడు సైతము క్షమింపని పాపమొకటి కలదనియు, అది తాను చేసితిననియు ఒక మనుష్యుడు నమ్మెనేని, ఆ నమ్మకమునుండి అతడు ఎట్లు బయటపడును? బయటపడిన పిమ్మట తనకు లభించిన నిశ్చయము ఎట్టిదని చెప్పును? ఈ ప్రశ్నలకు బన్యను గ్రంథము ఇచ్చు సమాధానము సామాన్యముగా తలంపబడునట్టిది కాదని మా యభిప్రాయము. చీకటినుండి వెలుగులోనికి నడచిన మార్పు కథగా ఈ గ్రంథమును చదువుట పరిపాటి. ఆ పఠనము తప్పు కాదు, కాని చాలదు.

1. భయమునకు ఆధారమైన వాక్యములు

మత్తయి పండ్రెండవ అధ్యాయమునను, మార్కు మూడవ అధ్యాయమునను, లూకా పండ్రెండవ అధ్యాయమునను ఒక కఠినవాక్యము కలదు. మనుష్యులు చేయు పాపములకును, పలుకు దూషణములకును క్షమ కలదు గాని, పరిశుద్ధాత్మను దూషించుటకు మాత్రము క్షమ లేదని దాని తాత్పర్యము. మత్తయి, మార్కులలో దీని సందర్భము స్పష్టము. క్రీస్తు దయ్యములను వెడలగొట్టుచుండగా, అది దయ్యముల యధిపతి బలముచే జరుగుచున్నదని విరోధులు పలికిరి. ఆయనయందు అపవిత్రాత్మ కలదని వారు పలుకుటయే ఈ హెచ్చరికకు కారణమని మార్కు విడమరచి చెప్పెను. అనగా ఈ వాక్యము మొదట భయస్థులను గూర్చి చెప్పబడినది కాదు. కన్నులార చూచిన మేలును కీడని నిశ్శంకగా పలికినవారిని గూర్చి చెప్పబడినది.

దీనికి తోడుగా హెబ్రీయులకు వ్రాయబడిన లేఖలో మూడు స్థలములు కలవు. ఆఱవ అధ్యాయము, ఒకపరి వెలిగింపబడి పిమ్మట తొలగిపోయినవారిని గూర్చినది. పదియవ అధ్యాయము, సత్యము నెఱిగియు బుద్ధిపూర్వకముగా పాపము చేయువారిని గూర్చినది. పండ్రెండవ అధ్యాయము, ఒక పూట కూటికై జ్యేష్ఠత్వమును అమ్ముకొని, పిమ్మట కన్నీటితో వెదకినను ఆశీర్వాదమును పొందజాలని ఏశావును గూర్చినది. సువార్తలలోని వాక్యమునకు సందర్భము రక్షణగా నున్నది. ఏశావు కథకు అట్టి రక్షణ లేదు. అది ఎవరికైనను అన్వయింపదగినట్లుండును. బన్యనును పట్టుకొన్నది ఈ చివరి వాక్యమే.

వ్యాఖ్యాతలు ఈ విషయమున ఏకాభిప్రాయులు కారు. మరణపర్యంతము పశ్చాత్తాపమును నిరాకరించుటయే ఆ పాపమని అగస్టీను వివరించెను. ఆయన మతమున బ్రతికియున్నవాడెవ్వడును ఆ పాపము పూర్తిగా చేసినవాడని నిర్ణయింప వీలుపడదు. ఆత్మచే సత్యము నెఱిగియు ద్వేషబుద్ధితో దానిని ఎదిరించుట యని కాల్విను నిర్ణయించెను. ఈ రెండవ నిర్వచనము మనుష్యుని తన మనస్సును తానే త్రవ్వి చూచుకొనునట్లు చేయును. నేను ఎఱిగి చేసితినా, ఎఱుగక చేసితినా? ద్వేషముతో చేసితినా, బలహీనతచే చేసితినా? పదునేడవ శతాబ్ది ఇంగ్లండులోని ప్యూరిటనులకు ఈ శోధనము నిత్యకృత్యము. ఎవరు రక్షింపబడుదురో దేవుడు ముందే నిర్ణయించెనను సిద్ధాంతము వారి నమ్మకమునకు పునాది గనుక, తాను ఆ లెక్కలో కలడా యని ప్రతివాడును తనలో గుఱుతులు వెదకుకొనుచుండెను. నిజమైన విశ్వాసి సైతము నిశ్చయమునకై చిరకాలము నిరీక్షింపవలసి రావచ్చునని వెస్ట్‌మినిస్టర్ విశ్వాసప్రమాణము తన పదునెనిమిదవ అధ్యాయమున అంగీకరించినది. ఓదార్పుగా చెప్పబడిన ఆ మాటయే భీతచిత్తునకు వేఱువిధముగ వినబడియుండుట అసంభవము కాదు.

ఇట్టి వాతావరణమున ఫ్రాన్సెస్కో స్పియేరా కథ విశేషముగా వ్యాపించినది. ఈతడు ఇటలీలో పాదువా సమీపమునందలి చిత్తదెల్లాలో న్యాయవాది. ప్రొటెస్టెంటు మతమున విశ్వాసముంచి, విచారణకర్తల యెదుట 1548లో దానిని విడనాడి, తనకు క్షమ లేదను నిరాశతో ఆ సంవత్సరముననే మరణించెను. ఈ కథను నథానియెల్ వుడ్స్ 1581లో ముద్రితమైన నాటకమునకు వస్తువుగా గ్రహించెను. నథానియెల్ బేకను రచించిన వృత్తాంతము 1638లో వెలువడెను. బన్యను చదివినది స్పియేరా వృత్తాంతమునే. అది తన పచ్చిగాయమున ఉప్పు రుద్దినట్లయ్యెనని ఆయన చెప్పుకొనెను.

2. గ్రంథ కథాసంగ్రహము

బన్యను 1628లో బెడ్‌ఫర్డు చెంతనున్న ఎల్‌స్టో గ్రామమున జన్మించెను. తండ్రి పాత్రలకు మాట్లు వేయు వృత్తివాడు. కుమారునిదియు అదే వృత్తి. పార్లమెంటు పక్షపు సైన్యమున కొంతకాలము పనిచేసి వచ్చి వివాహమాడెను. భార్య తెచ్చిన యరణము రెండు భక్తిగ్రంథములు మాత్రమే. ఆదివారమున ఆటలాడుచుండగా ఆకాశమునుండి ప్రశ్న వినబడినట్లు తోచుట, గుడిగంటలు మ్రోగించు సరదా మానుకొనలేక, మానుకొన్న పిమ్మట చూడబోయి గంట మీద పడునేమో, గోపురమే కూలునేమో యని వెనుకకు జరుగుట మొదలగు ఘట్టములు పాఠకులను వెంటనే ఆకర్షించును. బెడ్‌ఫర్డు వీథిలో ఎండలో ఒక గుమ్మమున కూర్చుండి దైవవిషయములు ముచ్చటించుకొను బీదస్త్రీల మాటలు విని, తన మతమంతయు పైపూతయే యని ఆయన గ్రహించిన ఘట్టము మిక్కిలి సుకుమారమైనది.

పిమ్మట దుర్భావములు మొదలయ్యెను. దేవుని దూషించు మాటలు తనకు వలదన్నను నోటికి వచ్చునట్లుండెను. నోరు తెఱచుకొనకుండ గడ్డము క్రింద చేయి నొక్కిపట్టుకొనుటకును, తలక్రిందులుగా పెంటగుంటలోనికి దూకుటకును సిద్ధపడితినని ఆయన వ్రాసెను. కుక్కయు కప్పయు తనకంటె ధన్యములని తోచెను. ఆ కాలముననే లూథరు గలతీయుల లేఖకు వ్రాసిన వ్యాఖ్యానపు శిథిలప్రతి యొకటి చేతికి చిక్కెను. అది తన హృదయమునుండియే వ్రాయబడినట్లు తోచి కొంత ఊరట కలిగెను.

అంతట అసలు శోధన వచ్చెను. క్రీస్తును అమ్మివేయుమను ప్రేరణ ఒక సంవత్సరకాలము ఆయనను వెంటాడెను. భోజనమునకు కూర్చున్నను, నేలనున్న గుండుసూది తీసికొన వంగినను, కట్టె కొట్టినను, దీనికై అమ్ముము, దానికై అమ్ముము అని లోపల వినబడుచుండెను. వేలకొలది లోకములిచ్చినను అమ్మనని ఆయన ఎదురు పలుకుచుండెను. ఒక ఉదయమున పడకయందే ఈ పోరు జరుగుచుండగా, అలసిన మనస్సులో, ఆయనకు ఇష్టమైన పోనిమ్మను భావమొకటి క్షణమాత్రము కదలెను. అంతే! దానికి సాక్షి లేడు. నోట వెడలిన మాట లేదు. చేసిన కార్యము లేదు. కాని రెండేండ్లకు పైగా ఆయన తాను ఏశావునని నమ్మెను. దావీదు పాపముతోను, పేతురు పాపముతోను తన పాపమును తూచి చూచుకొనెను. అన్నిటికంటెను యూదా పాపమునకే తనది దగ్గఱగా తోచెను. క్రీస్తు తనపై జాలి పడగలడు గాని, ఆయన మరణము ఈ పాపమునకై జరుగలేదు గనుక, మరల దిగివచ్చి మరల మరణించిననే తప్ప తనను రక్షింపజాలడని కూడ తలంచెను. పరిశుద్ధాత్మకు విరోధమైన పాపము చేసితినని భయపడుచున్నానని ఒక వృద్ధ విశ్వాసితో చెప్పుకొనగా, నాకును అట్లే తోచుచున్నదని ఆ వృద్ధుడు బదులు చెప్పెను. ఈ ఒక్క సంఘటన చాలును, ఆ కాలపు భయము వ్యక్తినిష్ఠమే కాక సంఘనిష్ఠము కూడ నని చూపుటకు.

3. వాక్యముల సంగ్రామము

ఇక రచనా విధానము. ఈ గ్రంథమున మనుష్యపాత్రలు మిక్కిలి తక్కువ. భార్య పేరైనను చెప్పబడలేదు. సంఘపెద్దయైన గిఫర్డు కొలది పంక్తులలో వచ్చిపోవును. నిజమైన పాత్రలు వాక్యములు. అవి వచ్చును, మీద పడును, పట్టుకొనును, వెనుదిరుగును. ఏశావు వాక్యము శత్రువు. పౌలునకు చెప్పబడిన, కృప చాలుననెడి వాక్యము మిత్రము. ఆ మిత్రవాక్యము మొదటిసారి వచ్చినపుడు ‘నీకు’ అను పదము లేక వచ్చెను. కృప చాలును, కాని ఎవరికి? ఆ ఒక్క పదము లోపించుటచే ఆయనకు శాంతి నిలువలేదు. కొంతకాలమునకు, ఒక కూటమున కూర్చుండియుండగా, ఆ పదముతో కూడ ఆ వాక్యము ముమ్మాఱు వచ్చెను. వ్యాకరణము చదువుకొన్నవారమైన మనకు, ఒక చతుర్థీవిభక్తి రూపముపై ఒక మనుష్యుని ప్రాణము నిలిచియుండిన ఈ ఘట్టము ఆలోచింపదగినది.

అప్పుడును ఏశావు వాక్యము పోలేదు. ఈ రెండు వాక్యములు ఒక్కసారిగా నా హృదయమున కలిసికొన్నచో ఏది గెలుచునో యని ఆయన కోరుకొనెను. రెండు మూడు దినములకు అవి కలిసికొనెను, పెనగెను, ఏశావు వాక్యము క్షీణించి వెనుకకు తగ్గెను. కృపావాక్యము నిలిచెను. గ్రంథమునకు ఇది పతాకఘట్టము.

ఇచ్చట విమర్శకుడు గమనింపవలసిన విశేషమొకటి కలదు. హెబ్రీయుల లేఖలోని మూడు స్థలములను బన్యను చల్లని మనస్సుతో పరిశీలించి అర్థము నిర్ణయించుకొనుట ఈ గెలుపునకు పిమ్మటనే జరిగినది. ఏశావు చేసినది నిరంతరము పోరాడుచుండగా మెఱసిన తలంపు కాదు, బాగుగ ఆలోచించి బహిరంగముగా చేసిన కార్యమనియు, ఆఱవ అధ్యాయమున చెప్పబడినది సత్యమును సంపూర్ణముగా త్రోసిపుచ్చుటయే యనియు ఆయన అప్పుడు కనుగొనెను. ఈ వ్యాఖ్యానము సమంజసమైనదే. కాని రెండేండ్లుగా అదే పుస్తకము ఆయన చేతిలో నుండగా ఈ యర్థము ఏల తోచలేదు? భయము వ్యాఖ్యానముచే తొలగలేదు. భయము సడలిన పిమ్మటనే వ్యాఖ్యానము సాధ్యమైనది. గ్రంథకర్త దీనిని సిద్ధాంతముగా ప్రతిపాదింపలేదు. ఘట్టముల క్రమము మార్పక వ్రాయుటచే మనకు తెలియనిచ్చెను. తర్వాతి కాలమున ఏర్పడిన తెలివిని ముందటి కష్టమునకు మందుగా చూపకుండుట ఆత్మకథాకర్తలలో అరుదైన సత్యనిష్ఠ.

మఱియొక విశేషము దీనికంటెను గొప్పది. కొంతకాలమునకు ఆయన పొలమున నడచుచుండగా, నీ నీతి పరలోకమున నున్నదను భావముగల వాక్యమొకటి తోచెను. దేవుని కుడిపార్శ్వమున క్రీస్తే తన నీతిగా కన్పట్టెను. తన మనస్సు మంచిగ నున్నపుడు ఆ నీతి పెరుగదు. చెడుగ నున్నపుడు తఱుగదు. కాళ్లనుండి సంకెలలు ఊడిపడినట్లయ్యెనని వ్రాసెను. ఇల్లు చేరి ఆ వాక్యమునకై వేదగ్రంథమున వెదకెను. అది అందు లేదు! కొంత వెదకి, కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖ మొదటి అధ్యాయమున దానికి సమానమైన భావమును చూచి తృప్తిపడెను. ఇంతకు ముందును ఇట్లే జరిగియుండెను. దేవుని నమ్మి సిగ్గుపడినవాడు పూర్వతరములలో ఎవడైనను కలడా యను భావముగల వాక్యమొకటి ఆయనను ఓదార్చెను. ఒక సంవత్సరమునకు పైగా వెదకగా, అది ప్రొటెస్టెంటులు ప్రమాణముగ నంగీకరింపని గ్రంథభాగమున కానవచ్చెను.

అక్షరమునకు అక్షరము ప్రమాణమని నమ్మిన మనుష్యుడు, తనను విడిపించిన వాక్యము గ్రంథమున అట్లు లేదని తానే చెప్పుకొనుచున్నాడు. దాచవలయునన్న దాచవచ్చును, సవరింపవలయునన్న సవరింపవచ్చును. ఆయన ఆ పని చేయలేదు. ఆయనను బంధించిన వాక్యములన్నియు అక్షరశః గ్రంథమున నున్నవి. విడిపించిన వాక్యము మాత్రము గ్రంథభావమునుండి ఆయన హృదయము కూర్చుకొన్నది. గ్రంథనామమున సైతము రెండు లేఖల మాటలు కలిసి ఒక క్రొత్తవాక్యమైనవని మొదట చెప్పితిమి. వాక్యమును ఒంటరిగా వినినంతకాలము అది శిక్షగా వినబడెను. ఇతర వాక్యములతో కూర్చి వినినపుడు అర్థము మాఱెను. ఈ గ్రంథమునకు ప్రాణభూతమైన రచనాసూత్రమిదియే యని మేము తలంచుచున్నాము.

4. వ్యాధియా, విశ్వాసమా?

ఆధునికులు ఈ గ్రంథమును రోగవృత్తాంతముగా చదివిరి. అమెరికా తత్త్వవేత్త జోసయా రాయిస్ 1894లో బన్యను మనస్తత్త్వమును గూర్చి వ్యాసము వ్రాసి, వలదన్నను మీదపడు ప్రేరణల లక్షణమును విశ్లేషించెను. విలియం జేమ్స్ 1902లో ప్రకటించిన మతానుభవ గ్రంథమున బన్యనును రుగ్ణాత్మకు ఉదాహరణముగా గ్రహించెను. జాన్ స్టాక్‌నియెవ్‌స్కీ 1991లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి నిరాశను వ్యక్తిదోషముగా గాక, కాల్వినీయ సిద్ధాంతము పెంచిన పీడనాభావముగా వివరించెను. తానొల్లని దూషణభావములు మాటిమాటికి కలుగుట, వానికై నిరంతరము ప్రమాణములు వెదకుట, దొరకిన శాంతి కొలదికాలమే నిలుచుట అనునవి బలవత్తర భావవ్యాధిలో ధర్మసంశయరూపమైన భేదమునకు లక్షణములని నేటి వైద్యులు చెప్పుదురు. ఇది చికిత్సకు లొంగునట్టిదే. ఇట్టి బాధలో నున్నవారికి వైద్యసహాయము అవసరమని చెప్పుటకు మేము సంకోచింపము.

కాని వైద్యనిర్ణయము సాహిత్యవిమర్శకు ఆరంభమే గాని అంతము కాదు. తలంపు ఏల కలిగెనో వైద్యుడు చెప్పగలడు. ఆ తలంపు ఈ రూపమునే ఏల ధరించెను, ఏశావు కథయే ఏల పట్టుకొనెను అనుటకు ఆ కాలపు పఠనసంప్రదాయమును తెలిసికొనవలయును. మఱియొక ప్రక్క భక్తిపరులైన వ్యాఖ్యాతలు, ఆ పాపము చేసితినని భయపడువాడు ఆ భయముచేతనే దానిని చేయలేదని తెలియుచున్నదను యుక్తితో సమస్యను ముగింతురు. ఈ యుక్తి సత్యమే. సువార్తలలోని సందర్భము దీనిని బలపఱచును. విరోధులు భయపడలేదు గదా! కాని భయమే ప్రమాణమైనచో, భయము తగ్గిన దినమున ఆ ప్రమాణము పోవును. అప్పుడు, నాకు భయము తగ్గినది గనుక నా హృదయము కఠినమైనదేమో యని మరల శంక. ఉపకారకమైన యుక్తి సైతము మనుష్యుని తన లోపలికే త్రిప్పినంతకాలము అతనిని విడిపింపదు. బన్యను గ్రంథము విసుగు పుట్టించునంతగా ఒకే భయమును, ఒకే ఊరటను మరల మరల చెప్పుట రచనాదోషమని కొందఱు తలంపవచ్చును. ఆ బాధ నడక అట్టిదే. దానిని కుదించి చెప్పియుండినచో కథ సొంపుగ నుండెడిది, అబద్ధముగను ఉండెడిది. దేవుడు తనతో ఆటలాడలేదు గనుక తానును చెప్పుటలో ఆటలాడనని పీఠికలో చెప్పిన మాటకు ఆయన కట్టుబడియుండెను.

పొలమున తోచిన వాక్యము విలువ ఇప్పుడు తెలియును. అది ఆయనకు మంచి మనస్సును ఇవ్వలేదు. మనస్సును చూచుకొనుట మాన్పెను. నీతి తనలో కాక తనకు వెలుపల నున్నదనుటచే, లోపలి వెదకులాట నిష్ప్రయోజనమయ్యెను. నిశ్చయము అనునది ఒక అనుభూతి కాదు. అనుభూతిని ప్రమాణముగా గైకొనకుండుట. ఇందుచేతనే గ్రంథాంతమున ఆయన విజయఘోష చేయలేదు. నేటికిని నా హృదయమున ఏడు హేయవిషయములు కలవని లెక్కించెను. వానిలో మొదటిది అవిశ్వాసమువైపు మొగ్గుట. సంపూర్ణ నిశ్చయమును పొందినవాడు ఇట్లు వ్రాయునా యని అడుగవచ్చును. ఇట్లు వ్రాయగలుగుటయే నిశ్చయమని మా సమాధానము.

రచనాకాలమును గూర్చి ఒక మాట. అనుమతి లేక ఉపదేశము చేసినందులకు బన్యను 1660లో బంధింపబడి 1672 వఱకు చెఱలో నుండెను. ఉపదేశము మానుదునని మాట యిచ్చినచో విడుదల దొరకెడిది. ఇంట గ్రుడ్డిదైన కుమార్తె కలదు. భార్యాబిడ్డలను విడుచుట ఎముకలనుండి మాంసమును ఊడదీసినట్లుండెనని వ్రాసెను. అనగా, యౌవనమున పడకపై కదలిన తలంపులో క్రీస్తును అమ్మితినని ఏడ్చిన మనుష్యుడు, ఈ పుస్తకము వ్రాయునాటికి నిజముగా అమ్ముటకు ప్రతిదినమును అవకాశము గలిగియు అమ్మకున్నాడు. ఈ రెంటిని కలిపి ఆయన ఎచ్చటను తన పక్షమున వాదింపలేదు. వాదించియుండినచో నీతి మరల తనలోనికే వచ్చియుండెడిది. ఈ మౌనము గ్రంథమునకు గంభీరతను చేకూర్చినది.

తరువాతి గ్రంథమున ఈ యనుభవము పరిపక్వమైనది. మరణచ్ఛాయల లోయలో దూషణవాక్యములను వెనుకనుండి దయ్యము చెవిలో ఊదగా, యాత్రికుడు అవి తన మాటలే యనుకొని దుఃఖించును. ఆత్మకథలో నెలలు పట్టిన వివేకము ఇచ్చట ఒక్క చిత్రమున చెప్పబడినది. సందేహదుర్గపు తాళపుచెవి వాగ్దానమను పేరుతో యాత్రికుని ఱొమ్ముననే యుండెను. అయినను ఇనుపబోనులోని నిరాశాగ్రస్తుడు బోనులోనే మిగిలిపోవును. స్పియేరా ఛాయ బన్యనును పూర్తిగా విడువలేదు. 1684 నాటి రెండవ భాగమున జీవితమంతయు భయపడిన యాత్రికుడు నదిని దాటునపుడు నీరు ఎన్నడును లేనంత తగ్గియుండెననుట ఆ బోనునకు ఆలస్యముగా వచ్చిన బదులు.

5. ప్రత్యుదాహరణము: కూపరు

ఇంతవఱకు చెప్పినదానిని సూత్రముగా గ్రహించి, ఇట్లు చేసినచో ఎల్లరకును శాంతి కలుగునని తలంచుట సాహసము. దీనికి ప్రత్యుదాహరణము విలియం కూపరు. ఈ కవిని మనవారు హాస్యకవిగా నెఱుగుదురు. ఆయన ‘జాన్ గిల్పిన్’ కావ్యమును కందుకూరి వీరేశలింగము పంతులుగారు తెలిగించిరి. ఆ హాస్యకథ 1782లో, విషాదమగ్నుడైన కవికి ఊరట కలిగింప ఒక మిత్రురాలు చెప్పిన కథనుండి పుట్టినదని స్మరించినచో ఆ నవ్వు వెనుకనున్న చీకటి తెలియును.

కూపరు 1763లో మతి చలించి ఆత్మహత్యకు యత్నించెను. సెంట్ ఆల్బన్సులోని వైద్యుని గృహమున నుండగా 1764లో రోమీయుల లేఖ మూడవ అధ్యాయము చదివి శాంతి పొందెను. ఓల్నీలో జాన్ న్యూటనుతో కూడ కీర్తనలు రచించెను. అవి 1779లో ప్రకటితమైనవి. కాని 1773లో వచ్చిన ఒక స్వప్నమున, తన కథ ముగిసినదను భావముగల వాక్యము వినబడెను. అదిమొదలు 1800లో మరణించువఱకు, ఎల్లరకును గల కృప తనకు మాత్రము లేదని నమ్మెను. సముద్రమున పడి మునిగిన నావికుని గూర్చి 1799లో రచించిన ‘ది కాస్టవే’ ఆ నిరాశకు తుదిరూపము.

కూపరు సిద్ధాంతము నెఱుగనివాడు కాడు. ఆయన కీర్తనలు ఇతరులను ఓదార్చినవి. స్నేహితులు లేనివాడును కాడు. బన్యనునకును ఆయనకును గల భేదము మాకు ఒకటి కానవచ్చుచున్నది. బన్యను శత్రువాక్యము అందఱును తెఱచి చూడగల గ్రంథములోనిది. దానిని మఱియొక వాక్యముతో ఎదిరింపవచ్చును, సందర్భమును పరిశీలింపవచ్చును, వ్యాఖ్యాతలను అడుగవచ్చును. కూపరు శత్రువాక్యము స్వప్నములోనిది. దానికి ముందువెనుకలు లేవు, వ్యాఖ్యానము లేదు, అది ఆయన ఒక్కనికే చెప్పబడినది. సందర్భము లేని వాక్యమునకు సమాధానము లేదు. ఇది భేదమునకు వివరణమే గాని తీర్పు కాదు. రోగము తీవ్రతయందును ఇరువురకు భేదముండవచ్చును. బయటపడినవానిని చూపి, బయటపడనివానిని విశ్వాసహీనుడనుట విమర్శయును గాదు, దయయును గాదు.

6. సమాపనము

మన వాఙ్మయమున ఈ విచారమునకు సన్నిహితమైన ఘట్టమొకటి స్మరణకు వచ్చుచున్నది. వాల్మీకి రామాయణము కిష్కింధాకాండమున, మాట తప్పిన సుగ్రీవునితో లక్ష్మణుడు, బ్రహ్మహత్య మొదలగువానికి సైతము పెద్దలు నిష్కృతి విధించిరి గాని కృతఘ్నునకు నిష్కృతి లేదని పలుకును. ఆ వాక్యమును దాని మాటలమేరకే గ్రహించినచో సుగ్రీవుని కథ అచ్చటనే ముగియవలయును. కాని ముగియలేదు. తార అనునయించెను, లక్ష్మణుడు శాంతించెను, సుగ్రీవుడు కార్యోన్ముఖుడయ్యెను. నిష్కృతి లేదను వాక్యము తలుపు మూయుటకు పలుకబడినది కాదు. మూసికొనుచున్న తలుపు చెంతకు మనుష్యుని పరుగెత్తించుటకు పలుకబడినది. రెండు మతముల పాపభావన ఒక్కటే యని మేము చెప్పబోము. ఆదిమపాపము, ప్రాయశ్చిత్తబలి, పూర్వనిర్ణయము అనునవి లేక బన్యను బాధ అర్థము కాదు. మేము చెప్పునది వాక్యస్వభావమును గూర్చి మాత్రమే. హెచ్చరికను తీర్పుగా చదువుట పఠనదోషము. ఆ దోషమునకు మనుష్యుడు చెల్లించు మూల్యము ఎంతటిదో ‘గ్రేస్ అబౌండింగ్’ చూపును.

కావున ఈ గ్రంథము మతచరిత్ర చదువువారికే కాక సాహిత్యాధ్యాపకులకును అవశ్యపఠనీయము. వాక్యమును సందర్భమునుండి వేఱుచేయరాదని మనము తరగతిలో దినదినమును చెప్పుదుము. విద్యార్థులు దానిని పరీక్షావిధిగా వ్రాసికొందురు. ఆ విధిపై ఒకని ప్రశాంతియు, నిద్రయు, బ్రతుకును ఆధారపడియుండవచ్చునని తెలిపిన గ్రంథములు అరుదు. మన యెదుట కూర్చున్నవారిలో ఏ ఒక్కడైనను ఏదో యొక వాక్యము పాలబడి రాత్రులు మేలుకొనియున్నవాడు కావచ్చును. ఆ వృద్ధ విశ్వాసివలె, నాకును అట్లే తోచుచున్నదని చెప్పకుండుటకును, అవసరమైన చోట వైద్యునొద్దకు పంపుటకును, ఆ వాక్యపు ముందువెనుకలు అతనితో కూడ కూర్చుండి చదువుటకును ఈ పుస్తకము మనకు నేర్పినచో, మాట్లు వేయు వృత్తివాడు చెఱలో వ్రాసిన వ్రాత సఫలమైనట్లే.